వీడియో కెమెరాకు బయటి మైకు: ఎడిసన్ తెలుగు వేడుకల్లో శబ్దగ్రహణం

వీడియో కెమెరాలోనే అమర్చి వచ్చే చిన్న మైకును పక్కనపెట్టి, విడిగా కొని తీగతోనో తీగ లేకుండానో కెమెరాకు కలుపుకునే మైకును బయటి మైకు అంటారు. కొత్తగా కెమెరా కొన్నవాళ్లకు ఇది దండగ ఖర్చులా కనిపిస్తుంది. పెళ్లయిన నెలకు వీడియో ఇంటికి వస్తుంది. అందులో పురోహితుడి మంత్రం బదులు వెనక వరస చుట్టాల కబుర్లూ హాలు ఏసీ హోరూ వినిపించినప్పుడు గానీ దాని విలువ ఎవరికీ తెలిసిరాదు. బొమ్మ కాస్త మసకగా ఉన్నా చూసేవాళ్లు సర్దుకుంటారు. మాట అర్థం కాకపోతే రెండు నిమిషాల్లో ఆపేస్తారు.

అమెరికాలో న్యూజెర్సీ రాష్ట్రం మిడిల్‌సెక్స్ కౌంటీకి చెందిన ఎడిసన్‌లో ఈ చిక్కు ప్రతి వారాంతం ఎవరో ఒకరికి ఎదురవుతూనే ఉంటుంది. 2020 జనగణన ప్రకారం ఇక్కడి జనాభా 1,07,588. అందులో భారతీయ మూలాలవాళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నారు. పక్కనున్న ఐసెలిన్ దాకా సాగే ఓక్ ట్రీ రోడ్డు పొడవునా చీరల కొట్లు, నగల దుకాణాలు, దోసెల హోటళ్లు కనిపిస్తాయి. దక్షిణాసియా ప్రేక్షకుల కోసం నడిచే టీవీ ఏషియా ఛానల్ ప్రధాన కార్యాలయం ఉన్నదీ ఈ ఊళ్లోనే. నార్త్ అమెరికా తెలుగు సొసైటీ (నాట్స్) 2023 మే నెలలో అమెరికా తెలుగు సంబరాలను ఇక్కడి న్యూజెర్సీ కన్వెన్షన్ అండ్ ఎక్స్‌పొజిషన్ సెంటర్‌లో జరిపింది. అంత పెద్ద సభలకు ఎలాగూ సౌండ్ కంపెనీ వస్తుంది. అసలు ఇబ్బందంతా సత్యనారాయణ వ్రతాలు, అన్నప్రాశనలు, ఓణీల వేడుకలు, కూచిపూడి రంగప్రవేశాలు, బళ్లో పిల్లల తెలుగు నాటికల దగ్గర. అక్కడ కెమెరా పట్టేది బాబాయో, పక్కింటి ఐటీ ఉద్యోగో, ఒక్కడే వచ్చిన వీడియోగ్రాఫరో.

ఊరి పేరు వెనక

ఈ టౌన్‌షిప్‌కు ఎడిసన్ అన్న పేరు 1954లో వచ్చింది. అంతకుముందు రారిటన్ టౌన్‌షిప్ అనేవారు. థామస్ ఆల్వా ఎడిసన్ 1876లో ఇక్కడి మెన్లో పార్కులో ప్రయోగశాల పెట్టాడు. టెలిఫోన్‌లో మాట సన్నగా వినపడే లోపం మీద ఆ మరుసటి ఏడాదే పట్టుబట్టి పనిచేశాడు. గ్రాహం బెల్ పరికరంలో గొంతు శక్తితోనే కరెంటు పుట్టాలి. అది మరీ బలహీనం. ఎడిసన్ దారి వేరు. దీపపు మసితో చేసిన కర్బన బిళ్లను రెండు పలకల మధ్య పెట్టి, బ్యాటరీ కరెంటును దాని గుండా పంపాడు. గొంతు తాకి పలక నొక్కుకున్నప్పుడల్లా బిళ్ల నిరోధం మారుతుంది. దాంతో కరెంటూ మాట వెంట హెచ్చుతగ్గులవుతుంది. 1877 ఏప్రిల్‌లో పేటెంటుకు దరఖాస్తు చేస్తే, ఆ ఏడాదే దరఖాస్తు పెట్టిన ఎమిల్ బెర్లినర్‌తో పోటీ వచ్చి, అది చేతికి అందేసరికి 1892 అయింది. కర్బన సూత్రం మాత్రం ఆ తర్వాత కొన్ని తరాలపాటు ఇంటింటి టెలిఫోన్‌లో పనిచేసింది. 1877 చివర్లో అదే ప్రయోగశాలలో తగరపు రేకు మీద గొంతును గీసి తిరిగి వినిపించే ఫోనోగ్రాఫ్ తయారైంది. ఇదంతా చేసిన మనిషికి చిన్నప్పటినుంచీ చెవుడు. ప్రయోగశాల భవనం ఇప్పుడు ఎడిసన్‌లో లేదు. హెన్రీ ఫోర్డ్ దాన్ని మిషిగన్‌లోని డియర్‌బోర్న్‌లో తన మ్యూజియంలో 1929లో తిరిగి నిర్మించాడు. పాత స్థలంలో 1938లో ఆవిష్కరించిన స్మారక స్తంభం, దాని తలమీద పెద్ద బల్బు ఉన్నాయి.

కెమెరాకు బయటినుంచి శబ్దం పట్టే పని కూడా ఎడిసన్ మనుషులతోనే మొదలైంది. 1894 చివర్లోనో 1895 మొదట్లోనో వెస్ట్ ఆరెంజ్‌లోని ఆయన స్టూడియోలో డబ్ల్యు.కె.ఎల్. డిక్సన్ పదిహేడు సెకన్ల ఫిల్ము తీశాడు. అందులో డిక్సన్ వయొలిన్ వాయిస్తుంటాడు, ఇద్దరు మగవాళ్లు నాట్యమాడుతుంటారు. వయొలిన్‌కు ఎదురుగా ఓ పెద్ద బూర కనిపిస్తుంది. శబ్దం ఆ బూర గుండా విడిగా ఒక మైనపు సిలిండర్ మీదికి వెళ్లింది. ఫిల్మునూ సిలిండర్‌నూ సరిగ్గా జతచేసి చూడటానికి వందేళ్లకు పైగా పట్టింది. ఆ పని చేసింది హాలీవుడ్ శబ్ద నిపుణుడు వాల్టర్ మర్చ్. ఆ ఫిల్ములో బూర కెమెరా దగ్గర లేదు, వయొలిన్ దగ్గర ఉంది. మిగతా ఈ వ్యాసమంతా ఆ ఒక్క సంగతి చుట్టూనే తిరుగుతుంది.

న్యూజెర్సీకి మైకుతో చుట్టరికం అక్కడితో తెగలేదు. రేడియో, సినిమా స్టూడియోల్లో పేరుమోసిన ఆర్‌సీఏ రిబ్బన్ మైకులు 1930లలో క్యామ్‌డెన్ నుంచి వచ్చాయి. ఎడిసన్‌కు పట్టుమని ఇరవై మైళ్లు కూడా లేని ముర్రే హిల్‌లో, బెల్ ల్యాబ్స్‌లో పనిచేసిన జేమ్స్ వెస్ట్, గెర్హార్డ్ సెస్లర్ 1962లో రేకు ఎలెక్ట్రెట్ మైకును రూపొందించారు. దానికి 1964లో పేటెంటు దక్కింది. శాశ్వతంగా విద్యుదావేశం నింపిన పలుచటి ప్లాస్టిక్ పొరే అందులో కీలకం. బయటినుంచి ఎక్కువ వోల్టేజీ అక్కర్లేకపోవడంతో మైకు చవకైంది, చిన్నదైంది. ఈవేళ పెళ్లికొడుకు ఉత్తరీయానికి గుచ్చే కాలర్ మైకుల్లో అధికభాగం ఆ పొర సంతానమే.

తెలుగు ప్రేక్షకుడి చెవికి ఇంకో అలవాటు ఉంది. 1931లో వచ్చిన 'ఆలం ఆరా', 1932లో వచ్చిన తొలి తెలుగు టాకీ 'భక్త ప్రహ్లాద' రోజుల్లో నటుల మాటా పాటా చిత్రీకరణ సమయంలోనే పట్టాల్సి వచ్చేది. తర్వాత ప్లేబ్యాక్, డబ్బింగ్ వచ్చాయి. తెలుగు సినిమా ఎక్కువగా స్టూడియోలో మళ్లీ చెప్పించిన మాటలకే స్థిరపడింది. చుట్టూ ఏ చప్పుడూ లేని ఆ గొంతు వినీ వినీ, ఇంట్లో తీసిన వీడియోలోనూ మనవాళ్లు అదే ఆశిస్తారు. వ్రతానికి డబ్బింగ్ ఉండదు కదా!

దూరం లెక్క

ఆరుబయట శబ్దం పుట్టిన చోటికీ మైకుకూ మధ్య దూరం రెట్టింపైన ప్రతిసారీ చేరే శబ్దం 6 డెసిబెల్స్ తగ్గుతుంది. నోటికి అడుగు దూరంలో ఉన్న మైకుతో పోలిస్తే 16 అడుగుల దూరంలో కెమెరా మీదున్న మైకుకు నాలుగు రెట్టింపులు, అంటే 24 డెసిబెల్స్ నష్టం. ఏసీ హోరు, గోడలకు కొట్టుకుని తిరిగొచ్చే ప్రతిధ్వని హాలంతా ఇంచుమించు సమానంగా పరుచుకుని ఉంటాయి కాబట్టి అవి తగ్గవు. గెయిన్ (సంకేతాన్ని పెంచే అమరిక) పెంచితే మాటతోపాటు హోరూ పెరుగుతుంది. ఎంత ఖరీదైన మైకు కొన్నా ఈ లెక్క మారదు. దుకాణాల్లో ఎవరూ చెప్పని మాట ఇదొక్కటే: వంద డాలర్ల మైకు నోటి దగ్గరుంటే, కెమెరా నెత్తిన ఉన్న వెయ్యి డాలర్ల మైకును ఓడిస్తుంది.

కెమెరాలో ఉన్న మైకుకు మరో శాపం కూడా ఉంది. లెన్సు మోటార్ల చప్పుడు, ఆపరేటర్ వేళ్ల రాపిడి, ఆయన ఊపిరి, ‘ఇటు చూడండి, ఇటు’ అన్న కేక అన్నీ దానికి మొదట వినిపిస్తాయి.

ఇక గది. అమెరికా ఇళ్లలో బేస్‌మెంట్ తెలుగు యూట్యూబర్ల స్టూడియో కూడా. ప్లాస్టర్‌బోర్డు గోడలు, వట్టి నేల, తక్కువ ఎత్తు కప్పు. మాట డబ్బాలోంచి వచ్చినట్టుంటుంది. పక్క గదిలో ఫర్నేస్, మూలన సంప్ పంపు, మెట్ల కింద పాత ఫ్రిజ్. వీటిని రికార్డింగ్ జరిగేంతసేపు ఆపితే సగం పని అయిపోతుంది. గోడలకు ఫోమ్ ముక్కలు అంటించడం కన్నా, కెమెరాకు కనిపించని వైపున రెండు బొంతలు వేలాడదీయడం, కింద తివాచీ పరవడం ఎక్కువ పనిచేస్తాయి. పలుచటి ఫోమ్ పైస్థాయి శబ్దాన్నే కొద్దిగా పీల్చుకుంటుంది. బరువైన బట్ట అంతకన్నా కిందిదాకా పీల్చుకుంటుంది. ఎడిసన్ మధ్యనుంచి నార్త్‌ఈస్ట్ కారిడార్ రైలు మార్గం పోతుంది, న్యూఆర్క్ విమానాలు పైన తిరుగుతాయి. వాటి అడుగు రొద తగ్గించడానికి మైకు మీదో రికార్డర్‌లోనో ఉండే హై-పాస్ మీటను 80 హెర్ట్జ్ దగ్గర వేస్తే మాటకు పెద్దగా నష్టం ఉండదు. మృదంగం వాయించేచోట మాత్రం వేయకూడదు.

ఏ మైకు ఎక్కడ

మైకులు వినే తీరును బట్టి స్థూలంగా మూడు రకాలు. అన్ని వైపులా సమానంగా వినేది ఓమ్ని. ముందు బాగా, వెనక తక్కువగా వినేది కార్డియాయిడ్. ముందువైపు ఇరుకుగా వినేది సూపర్‌కార్డియాయిడ్, దానికి పొడవాటి చీలికల గొట్టం తగిలిస్తే షాట్‌గన్. చాలామంది షాట్‌గన్‌ను జూమ్ లెన్సులా దూరపు శబ్దాన్ని దగ్గరికి లాగేదిగా భావిస్తారు. అది దేన్నీ లాగదు. పక్కనుంచి చీలికల్లోకి వచ్చే శబ్దాలను ఒకదానితో ఒకటి కొట్టుకుపోయేలా చేస్తుందంతే. అదీ పైస్థాయి శబ్దాలకే. కింది స్థాయివి పక్కనుంచి కూడా వస్తూనే ఉంటాయి. చిన్న గదిలో గోడల ప్రతిధ్వని ఆ చీలికల్లో దూరి మాటకు వింత రంగు పూస్తుంది. అందుకే అనుభవజ్ఞులైన శబ్దగ్రాహకులు ఇంట్లో ఇంటర్వ్యూకు పొట్టి సూపర్‌కార్డియాయిడ్‌ను బూమ్ కర్రకు కట్టి, ఫ్రేముకు పైనుంచి ఛాతీ వైపు చూసేలా దించుతారు. షాట్‌గన్‌ను ఆరుబయటికి దాచుకుంటారు.

చేతి మైకు సంగతి పెద్దగా చెప్పేదేమీ లేదు. 1966లో వచ్చిన షూర్ ఎస్ఎమ్58 లాంటి డైనమిక్ మైకులు కిందపడ్డా బతుకుతాయి, కేబుల్ గుండా అందించే ఫ్యాంటమ్ పవర్ అక్కర్లేదు, నోటికి నాలుగువేళ్ల దూరంలో పట్టుకోవాలి. సభల్లో వక్తలు దాన్ని బొడ్డు దగ్గర పట్టుకుని మాట్లాడతారు. అది మైకు లోపం కాదు.

కాలర్ మైకు దగ్గర కాస్త ఆగాలి. తెలుగువారి బట్టలకూ ఈ మైకుకూ అస్సలు పడదు. చొక్కా గుండీల పట్టీ మీద గడ్డానికి జానెడు కింద గుచ్చాలని మాన్యువళ్లలో ఉంటుంది. చీరలో అంచు జరీ గరగరలాడుతుంది, నల్లపూసల గొలుసూ కాసుల పేరూ మైకుకు తగులుతూ టకటకమంటాయి. పైట భుజం మీద పిన్ను పెట్టిన చోట, నగలు చేరని వైపు, మడత లోపలినుంచి తల మాత్రమే బయటికి వచ్చేలా గుచ్చితే చాలావరకు గట్టెక్కవచ్చు. తీగను అక్కడే ఒక చిన్న చుట్టు చుట్టి టేపుతో అతికితే, కింద లాగినప్పుడు వచ్చే కుదుపు మైకు దాకా పాకదు. కొత్త పట్టుచీర గంజి చప్పుడుకు మాత్రం ఏ మైకు దగ్గరా మందు లేదు. కాలర్ మైకుల్లో ఓమ్ని రకమే మేలు. తల అటూ ఇటూ తిప్పినా గొంతు మరీ మారదు, బట్ట రాపిడీ గాలీ తక్కువ బాధిస్తాయి.

తెలుగు పెళ్లి ఈ విద్యకు అసలైన పరీక్ష. పెళ్లికొడుక్కి మైకు పెడితే పీటల మీద కూర్చున్న వధువు మాట, ఎదురుగా ఉన్న పురోహితుడి మంత్రం కూడా చాలావరకు అందుతాయి. అమెరికన్ వీడియోగ్రాఫర్లకు ఈ కిటుకు బాగా తెలుసు. వాళ్లకు తెలియనివి కొన్ని ఉన్నాయి. దండలు మార్చుకున్నాక గులాబీల బరువంతా మైకు మీదే పడుతుంది. తలంబ్రాలు పోసుకుంటుంటే బియ్యపు గింజలు నేరుగా దానికి తగిలి పటపటలాడతాయి. పురోహితుడి కండువాకు గుచ్చితే ఆయన హోమం వైపు వంగినప్పుడల్లా కండువా జారుతుంది. అన్నిటికంటే పెద్ద ప్రమాదం గట్టిమేళం. అప్పటిదాకా మంత్రం స్థాయికి లెవెల్ పెట్టి ఉంటారు. జీలకర్ర బెల్లం దగ్గరో మంగళసూత్రం దగ్గరో ‘గట్టిమేళం’ అని కేక వేయగానే నాదస్వరం, డోలు ఒక్కసారి విరుచుకుపడతాయి. మీటర్ ఎర్రబడి, జీవితంలో మళ్లీ రాని ఆ నిమిషం పగిలిన శబ్దంగా మిగులుతుంది.

దీనికి విరుగుడు రెండు మార్గాలు. ఒకటి, ఒకే మైకును రెండు ట్రాకుల్లో పట్టడం: ఒకటి మామూలు లెవెల్‌లో, రెండోది 10 లేదా 12 డెసిబెల్స్ తక్కువగా. మొదటిది పగిలిన చోట రెండోదాన్ని అతికిస్తారు. ఈ సౌకర్యం చాలా వైర్‌లెస్ సెట్లలో, రికార్డర్లలో ‘సేఫ్టీ’ పేరుతో ఉంటుంది. రెండో మార్గం 32-బిట్ ఫ్లోట్ రికార్డర్. 2019 నుంచి చిన్న రికార్డర్లలో కూడా వస్తున్న ఈ పద్ధతిలో ఫైలు పగలదు. తర్వాత కంప్యూటర్‌లో లెవెల్ దించుకోవచ్చు. అయితే మైకు గుండెకాయే తట్టుకోలేనంత శబ్దం తగిలితే ఏ ఫ్లోటూ కాపాడదు. కాబట్టి డోలుకు ఎదురుగా ఉన్న స్తంభానికి మైకు కట్టకపోవడమే మంచిది. మండపంలో పురోహితుడి ముందు, కలశాల పక్కన పొట్టి స్టాండు మీద కార్డియాయిడ్ మైకును, దాని వీపు మేళంవాళ్ల వైపు ఉండేలా పెట్టడం చాలా పెళ్లిళ్లలో కాలర్ మైకు కన్నా నయం. పూలమధ్య దాన్నెవరూ గమనించరు.

జాకులు, లెవెళ్లు

చిన్న కెమెరాల మైకు రంధ్రం 3.5 మిల్లీమీటర్లది. అందులో మూడు భాగాల పిన్ను పడుతుంది. ఫోన్ల కోసం అమ్మే కాలర్ మైకుకు నాలుగు భాగాల పిన్ను ఉంటుంది. దాన్ని కెమెరాకు గుచ్చి, మీటర్ కదలక, మైకు పాడైందనుకుని తిప్పి పంపేవాళ్లు ఎందరో. ఐదారు డాలర్ల మార్పిడి జాకుతో తీరే సమస్య అది. మోనో మైకు ఒక్కోసారి ఎడమ చెవిలోనే వినిపిస్తుంది. ఎడిటింగ్‌లో ఎడమ ఛానల్‌ను రెండు వైపులా పరిస్తే సరి.

పెద్ద కెమెరాలకు, రికార్డర్లకు మూడు పిన్నుల ఎక్స్‌ఎల్‌ఆర్ ఉంటుంది. అందులో ఒకే సంకేతం రెండు తీగల్లో ఎదురెదురు దశల్లో పోతుంది. దారిలో చేరే విద్యుత్ చప్పుడు రెండింటిలోనూ ఒకేలా పడుతుంది కాబట్టి చివర్లో ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. అందుకే వంద అడుగుల ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ నిశ్శబ్దంగా ఉంటుంది, ఇరవై అడుగుల 3.5 కేబుల్ గుయ్యిమంటుంది. కండెన్సర్ మైకుకు ఈ కేబుల్ ద్వారానే 48 వోల్టుల ఫ్యాంటమ్ పవర్ అందుతుంది. చిన్న జాకులో వచ్చేది రెండు నుంచి ఐదు వోల్టుల ప్లగ్-ఇన్ పవర్ మాత్రమే. ఒకదాని బదులు ఇంకోటి పనికిరాదు.

కెమెరా మెనూలో ముందుగా ఆపాల్సింది ఆటో గెయిన్. మనిషి మాట ఆపగానే అది గెయిన్ పెంచి ఏసీ హోరును పైకి తెస్తుంది. మళ్లీ మాట్లాడగానే దించుతుంది. వినేవాళ్లకు హాలు ఊపిరి పీలుస్తున్నట్టుంటుంది. లెవెల్‌ను చేత్తో పెట్టుకుని, మామూలు మాట శిఖరాలు మైనస్ 12 డెసిబెల్స్ దగ్గర ఆడేలా చూడాలి. డిజిటల్‌లో సున్నా దాటితే పగలడమే, మరమ్మతు లేదు. చిన్న కెమెరాల లోపలి యాంప్లిఫయర్‌లో సన్నటి ఇసుక చప్పుడు ఎక్కువ. కాబట్టి మైకులో పెంచే మీట ఉంటే అక్కడ పెంచి, కెమెరాలో తగ్గించడం లాభం. రికార్డింగ్‌కు 48 కిలోహెర్ట్జ్, వీలైతే 24 బిట్ చాలు. ఇంతకుమించిన అంకెల గురించి పెళ్లి వీడియోకు వాదించుకోనక్కర్లేదు.

చెవులు పూర్తిగా మూసే హెడ్‌ఫోన్స్ లేకుండా ఇవేవీ తెలియవు. మీటర్ కదులుతుంటే శబ్దం బాగుందని కాదు, ఏదో శబ్దం ఉందని మాత్రమే అర్థం.

హాలు మిక్సర్ నుంచి తీగ

స్కూలు ఆడిటోరియాల్లోనూ బాంకెట్ హాళ్లలోనూ సులువైన దారి అంటూ అందరూ చేసేది సౌండ్ ఆయన దగ్గరికెళ్లి ‘అన్నా, ఒక లైన్ ఇవ్వవా?’ అని అడగడం. లైన్ మంచిదే. దాన్ని కెమెరా మైకు రంధ్రంలో నేరుగా గుచ్చడమే తప్పు. మిక్సర్ ఇచ్చేది లైన్ లెవెల్, మైకు సంకేతం కన్నా వందల రెట్లు బలమైనది. కెమెరాలో లైన్ మీట లేకపోతే మధ్యలో తగ్గించే ప్యాడ్ పెట్టాలి. కెమెరాను గోడ కరెంటుకు, మిక్సర్‌ను వేదిక కరెంటుకు తగిలిస్తే గ్రౌండ్ చుట్టు పడి హమ్ మొదలవుతుంది. అమెరికా కరెంటు 60 హెర్ట్జ్ కాబట్టి ఇక్కడి హమ్ భారతదేశపు 50 హెర్ట్జ్ హమ్ కన్నా కాస్త పైశ్రుతిలో ఉంటుంది. కెమెరాను బ్యాటరీ మీద నడపడం మొదటి మందు, ఐసోలేషన్ ట్రాన్స్‌ఫార్మర్ రెండోది. లైట్ల డిమ్మర్ కేబుళ్ల పక్కన మైకు తీగను పడుకోబెట్టకూడదు. తప్పకపోతే అడ్డంగా దాటించాలి.

ఇంత చేసినా మిక్సర్ శబ్దం ఒక్కటే చాలదు. హాల్లో తక్కువ వినిపించేవాటినే మిక్సర్ పెంచుతుంది. డోలుకూ నాదస్వరానికీ మైకే పెట్టరు, అవి వాటంతటవే హాలు నింపుతాయి. కాబట్టి లైన్‌లో గాయని గొంతు కొట్టొచ్చినట్టు, డోలు ఎక్కడో పక్కవీధిలో మోగినట్టు వస్తాయి. చప్పట్లూ ‘వన్స్ మోర్’లూ అసలే ఉండవు. అందుకని ఒక ఛానల్‌కు మిక్సర్ లైన్, రెండోదానికి హాల్లో పెట్టిన స్టీరియో మైకు పట్టి తర్వాత కలుపుకోవాలి. కలిపేటప్పుడు ఒక సూక్ష్మం ఉంది. శబ్దం గాలిలో సెకనుకు సుమారు 343 మీటర్లు పోతుంది. వేదికకు వంద అడుగుల వెనకున్న మైకుకు పాట దాదాపు 89 మిల్లీసెకన్లు ఆలస్యంగా చేరుతుంది. సెకనుకు 30 ఫ్రేముల వీడియోలో అది మూడు ఫ్రేములకు దగ్గర. జరపకుండా కలిపితే గొంతు వెంట గొంతు పరిగెత్తుతుంది.

కూచిపూడి ప్రదర్శనకు మరో మైకు కావాలి. నట్టువాంగం, మృదంగం, వయొలిన్, గాత్రం అన్నిటికీ వేదిక పక్కన మైకులుంటాయి. నర్తకి గజ్జెలకు ఉండవు. తరంగంలో ఇత్తడి పళ్లెం అంచుల మీద నిలబడి అడుగులు వేసే ఘట్టంలో గజ్జె, పళ్లెం శబ్దాలే ప్రాణం. అవి వీడియోలో వినిపించకపోతే చూసేవాళ్లకు లయ సగమే అందుతుంది. వేదిక ముందంచున నేలకు ఆనించే బౌండరీ మైకులు రెండు పెడితే ఆ చప్పుళ్లు స్పష్టంగా పడతాయి. రికార్డెడ్ పాటకు ఆడినా ఈ ఒక్క మార్పు ప్రదర్శనను సజీవం చేస్తుంది.

వైర్‌లెస్, ఆరుబయట

తీగలేని మైకు కొనేముందు అమెరికా చట్టం తెలుసుకోవాలి. ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ 700 మెగాహెర్ట్జ్ పట్టీలో వైర్‌లెస్ మైకులను 2010 జూన్ 12 నుంచి నిషేధించింది. ఆ తర్వాత 600 పట్టీలో అధికభాగం మొబైల్ కంపెనీలకు వేలంలో పోయి, 2020 జూలై 13 నుంచి అక్కడా మైకులు నడపరాదు. గరాజ్ సేల్‌లో చవగ్గా దొరికే పాత సెట్లు, ఇండియా నుంచి సూట్‌కేసులో వచ్చినవి ఈ లెక్కలోకి రావచ్చు. తిరుగు ప్రయాణంలోనూ ఇదే చిక్కు. అమెరికాలో లైసెన్సు లేకుండా వాడుకునే 902–928 పట్టీలో కొంతభాగం భారతదేశంలో మొబైల్ ఫోన్లది.

2019లో వచ్చిన రోడ్ వైర్‌లెస్ గో తరహా చిన్న డబ్బాలు 2.4 గిగాహెర్ట్జ్‌లో నడుస్తాయి. వాటికి లైసెన్సు బెడద లేదు. కానీ వైఫై, బ్లూటూత్ అక్కడే తిరుగుతాయి. హాలు ఖాళీగా ఉన్నప్పుడు చేసిన టెస్టింగ్ నమ్మకూడదు. నాలుగు వందల మంది ఫోన్లతో వచ్చి కూర్చున్నాక చూడాలి. మనిషి శరీరం ఈ తరంగాలను మింగేస్తుంది. పెళ్లికొడుకు నడుం వెనక ట్రాన్స్‌మిటర్ దోపి కెమెరా ముందువైపు పెడితే మధ్యలో మాట తెగుతుంది. ట్రాన్స్‌మిటర్‌లోనే రికార్డయ్యే రకం కొంటే తెగిన చోట దాన్నుంచి పూడ్చుకోవచ్చు.

ఆరుబయట గాలే ముఖ్య శత్రువు. నురగ తొడుగు గది లోపలికి సరిపోతుంది. ఆగస్టులో ఓక్ ట్రీ రోడ్డు మీద జరిగే ఇండియా డే పరేడ్‌కు బొచ్చు తొడుగు తప్పదు. బతుకమ్మకు ఎక్కడ నిలబడి పట్టాలన్నది తరచూ వచ్చే సందేహం. ఆడవాళ్లు గుండ్రంగా తిరుగుతూ పాడతారు కాబట్టి అంచున నిలబడితే ఒక్కో గొంతు వచ్చి పోతుంటుంది. నడుమ పేర్చిన బతుకమ్మల పక్కన తొడుగు వేసిన చిన్న రికార్డర్ పెడితే పాట, చప్పట్లు అందరివీ సమంగా పడతాయి. లౌడ్‌స్పీకర్‌లో రికార్డు పాట మోగుతుంటే ఏ మైకూ చేయగలిగింది లేదు. దాన్ని కాసేపు ఆపమని అడగాలి.

విడిగా రికార్డర్‌లో పట్టినప్పుడు మొదట్లో కెమెరాకు కనిపించేలా ఒక చప్పట్టు కొడితే జతపరచడం తేలిక. కెమెరాలో మామూలు మైకును ఆపకూడదు, సాఫ్ట్‌వేర్ దాన్ని చూసే సరిపోలుస్తుంది. రెండు యంత్రాల గడియారాలు ఒక్కలా నడవవు. రెండు గంటల రంగప్రవేశంలో చివరికి కొన్ని ఫ్రేములు జరగవచ్చు. అంశానికీ అంశానికీ మధ్య మళ్లీ జతచేసుకోవాలి.

ఖర్చు విషయంలో వరస ఇది. మొదట చెవులు మూసే హెడ్‌ఫోన్స్. తర్వాత ఇరవై ముప్ఫై డాలర్లకు దొరికే తీగ కాలర్ మైకు. దాన్ని ఫోన్‌కే తగిలించి జేబులో పెట్టినా రికార్డర్ పని చేస్తుంది. ఆ తర్వాత రెండు ఎక్స్‌ఎల్‌ఆర్ రంధ్రాల చిన్న రికార్డర్, ఒక కార్డియాయిడ్ మైకు, పొట్టి స్టాండు. వైర్‌లెస్ నాలుగోది, షాట్‌గన్ ఐదోది. కొత్త కెమెరా ఈ జాబితాలో ఆఖరిది. ఏడాదికి రెండు వేడుకలే ఉన్నవాళ్లు ఇవేవీ కొనక్కర్లేదు, అద్దెకు తెచ్చుకోవచ్చు. అద్దె సామాను ముహూర్తం రోజు పొద్దున కాకుండా ముందురోజు సాయంత్రమే తెచ్చి, అదే హాల్లో, అదే పట్టుచీర మీద ఒకసారి గుచ్చి విని చూడండి.